కొలువు నుంచి నేలకు: ఇళ్లస్థలాల వ్యాపారంలో నేను చదువుకున్న పాఠాలు

ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, నాబోటివాడు రాయదగినది ఏముంటుందని మొదట సంకోచించాను. నేను కవిని కాను, ఆచార్యుణ్ని కాను. ఈ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చదివి, హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో పదమూడేళ్లు కొలువు చేసి, 2021లో దానికి రాజీనామా ఇచ్చి, మా సొంత ప్రాంతమైన రామారెడ్డిలో ఇళ్లస్థలాల వ్యాపారం పెట్టుకున్నవాణ్ని. ‘రియలెస్టేట్’ అనే మాట వినగానే చదువుకున్నవాళ్ల ముఖాల్లో ఒక రకమైన చిరునవ్వు కనబడుతుంది. ఆ నవ్వుకు కారణాలు లేకపోలేదు. అయితే మనలో ప్రతి ఒక్కరూ జీవితంలో ఒకసారైనా జాగ కొంటారు, లేదా అమ్ముతారు; ఆ ఒక్కసారికి కావలసిన చదువు మాత్రం ఏ తరగతిలోనూ చెప్పరు. ఆ లోటు కొంతైనా తీరుతుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొలువు ఎందుకు వదిలాను?

నేను పనిచేసిన కంపెనీ ఇళ్లు కట్టుకునేవారికి అప్పులిచ్చేది. దరఖాస్తుతో వచ్చిన కాగితాలు చూసి ‘ఇవ్వవచ్చు’ అనో ‘ఇవ్వరాదు’ అనో రాయడం నా ఉద్యోగం. 2019లో ఒకనాడు మా జిల్లా నుంచే ఒక దరఖాస్తు వచ్చింది. బీడీలు చుట్టే ఒక అమ్మ, మస్కట్‌లో కూలికి పోయిన ఆమె కొడుకు, ఇద్దరూ ఎనిమిదేళ్లు కూడబెట్టి నూట యాభై గజాల ప్లాటు కొన్నారు. రిజిస్ట్రేషన్ అయింది, పత్రాల మీద ముద్రలన్నీ సరిగానే ఉన్నాయి. కాని సర్వే నంబరు పట్టుకుని వెనక్కి పోతే అది చెరువు శిఖం భూమి అని తేలింది. నిబంధన ప్రకారం నేను ‘ఇవ్వరాదు’ అని సంతకం పెట్టాను. చేసింది తప్పు కాదు. ఈ రోజు అడిగినా అదే సంతకం పెడతాను.

ఆ అమ్మ బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చింది. కోప్పడలేదు, ఏడవలేదు. “అప్పు ఇయ్యకపోతే పోనీ బిడ్డా. మరి ఆ జాగ నాదేనా, కాదా? గది ఒక్కటి చెప్పు” అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. చెప్పే అధికారం నాకు లేదన్నది ఒక మాట. ఆ జవాబు ఆమెకు ఎనిమిదేళ్ల కష్టం ఖర్చు కాకముందు కావలసింది అన్నది అసలు మాట. కొన్న తరువాత ‘కాదు’ అని రాసే మనుషులు మా అంతస్తులోనే నలభైమంది ఉన్నారు. కొనకముందు ‘వద్దు’ అని చెప్పే మనిషి ఆమె ఊళ్లో ఒక్కడూ లేడు. ఈ ఆలోచన రెండేళ్లపాటు నన్ను వదలలేదు.

రాజీనామా సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా నాయన, “నెల తిరిగేసరికి పడే జీతం ఇడిసిపెట్టి జాగల దందా చేస్తవారా?” అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే.

ఇటువంటి పని నాతో మొదలయిందని గొప్పలు చెప్పడం లేదు. హస్ముఖ్‌భాయి పారేఖ్ అనే పెద్దమనిషి ఐసీఐసీఐలో 1956లో చేరి అధ్యక్షస్థానం దాకా ఎదిగారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, అరవై దాటిన తరువాత, 1977లో హెచ్‌డీఎఫ్‌సీని స్థాపించారు. అంతకుముందు మనదేశంలో జీతగాడికి సొంత ఇల్లంటే సాధారణంగా పదవీ విరమణనాటి మాట. చేతికొచ్చిన ప్రావిడెంటు ఫండుతో కట్టుకునేవాడు. ఉద్యోగంలో ఉండగానే అప్పు తీసుకుని ఇంట్లో ఉంటూ తీర్చే పద్ధతికి ఆ సంస్థ బాట వేసింది. 2023 జులై 1న అది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమయింది. అలాగే జైతీర్థ్ రావు గారు సిటీబ్యాంకులో పనిచేసి, ఎంఫసిస్ కంపెనీని నడిపి, తరువాత తక్కువ ధర ఇళ్లు కట్టే సంస్థను పెట్టారు. వారు కొండలు, నేను గులకరాయిని. కాని కొలువులో నేర్చిన విద్యను కొలువు బయట జనానికి ఉపయోగపడేట్టు మలచవచ్చునన్న ధైర్యం వారిని చూసే వచ్చింది.

మా ఊరు, మా నేల

రామారెడ్డి పేరు వినగానే చాలామందికి ఇసన్నపల్లి కాలభైరవస్వామి గుడి గుర్తుకొస్తుంది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మా రామారెడ్డి కూడా మండల కేంద్రమయింది. కామారెడ్డి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నది, రైలు ఉన్నది, బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. జిల్లా కేంద్రం అనేసరికి చుట్టుపక్కల పల్లెల్లో చేలకు రాళ్లు పాతడం మొదలయింది. నిన్నటిదాకా మక్క పండిన చేను ఇవాళ ఫలానా ‘నగర్’ అయి కూర్చున్నది.

కొనేవాళ్లు ఎవరు? దుబాయి, మస్కట్, సౌదీలలో పనిచేసే మా పిల్లలు. బీడీల పైసలు చీటీ కట్టి కూడబెట్టిన ఆడవాళ్లు. చిన్న నౌకరీ చేసే టీచర్లు, కండక్టర్లు. వీళ్లు కొనే సమయానికి కొడుకు పరదేశంలో ఉంటాడు, తల్లికి చదువు రాదు, మధ్యవర్తి మాత్రం దగ్గరివాడే అయి ఉంటాడు. “మన పిలగాడే గదా” అన్న నమ్మకం మీద బయానా చేతులు మారుతుంది.

మొదటి పాఠం: అమ్మేది నేల కాదు, హక్కు

కంటికి కనబడేది మట్టి; కొనేది మాత్రం దాని మీద హక్కు. హక్కు కంటికి కనబడదు కాబట్టి కాగితాల్లో వెతకాలి. నేను ప్రతి స్థలానికీ ఈ వరుసలో చూస్తాను.

ఒకటి, మూలం. తెలంగాణలో పాత సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడాలి. అప్పుడు ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉన్నది, ఏ రకం భూమి అని రాసి ఉన్నది? పట్టాయా, శిఖమా, ఇనామా, సర్కారీయా? అక్కడినుంచి ఇప్పటి యజమాని దాకా చేతులు ఎలా మారాయో గొలుసు తెగకుండా రావాలి.

రెండు, లావణి పట్టా. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మరాదని, కొనరాదని 1977 నాటి చట్టం చెబుతున్నది. ఎన్ని చేతులు మారినా ఆ అమ్మకం చెల్లదు. చౌకగా వచ్చిందని మురిసిపోయేవాడు ఇక్కడే మునుగుతాడు.

మూడు, ఆడబిడ్డల వాటా. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అవివాహితలైన కూతుళ్లకు సమాన హక్కునిచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అమలులోకి వచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లి అయిందా కాలేదా అనే తేడా లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దానిని మరింత స్పష్టం చేసింది. అయినా మా పల్లెల్లో అన్నదమ్ములే సంతకాలు చేసి అమ్మేస్తుంటారు. “చెల్లెలిని ఎందుకు అడగాలె, పెండ్లికి పెట్టినం గదా” అంటారు. పదేళ్లకు ఆ చెల్లెలు కోర్టుకు పోతే ఇల్లు కట్టుకున్నవాడి గతేమిటి?

నాలుగు, ఈసీ. దీన్ని సర్వరోగనివారిణి అనుకుంటారు. రిజిస్టరయిన లావాదేవీలే అందులో కనబడతాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా కనబడదు, పంచుకోని వాటాలు కనబడవు. మా ఆఫీసులో చూసిన ఆ అమ్మ కాగితాల్లో ఈసీ నిష్కల్మషంగా ఉన్నది. భూమి మాత్రం నీళ్లలో ఉన్నది.

ఐదు, కాళ్లు. కాగితాలన్నీ చూశాక వానకాలంలో ఒకసారి స్వయంగా పోయి నిలబడి రావాలి. ఎండకాలంలో చెరువు కూడా చేనులాగే కనిపిస్తుంది.

రెండో పాఠం: గజం లెక్క

మన వాణిజ్యశాస్త్ర విద్యార్థుల కోసం ఒక చిన్న లెక్క. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, అంటే ఎకరానికి 4,840 చదరపు గజాలు. ఎకరం 40 లక్షలకు కొన్నామని ఊహిద్దాం. గజం 826 రూపాయలు పడింది గదా అని మామూలుగా అనుకుంటారు. అది తప్పు. లేఅవుట్‌లో పదవ వంతు, అంటే 484 గజాలు, ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లకు సుమారు ముప్పై శాతం, 1,452 గజాలు పోతాయనుకుందాం. మిగిలేది 2,904 గజాలు. ఇప్పుడు గజం 1,377 రూపాయలయింది. రోడ్లు, మోరీలు, కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు, అనుమతుల రుసుములు అన్నీ కలిపి 15 లక్షలనుకుంటే 1,894 అయింది. ఆ 55 లక్షలకూ నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున ఒక ఏడాది వడ్డీ 9 లక్షల 90 వేలు. మొత్తం గజానికి దాదాపు 2,235 రూపాయలు. ఇంకా లాభం మొదలే కాలేదు.

ఇప్పుడు ఆలోచించండి. పక్క చేనులో ఎవడో 1,500కే గజం అమ్ముతున్నాడంటే అతను ధర్మాత్ముడు కాడు. రోడ్డు సగం చేశాడు, ఖాళీ స్థలాన్ని కూడా ప్లాట్లు చేశాడు, అనుమతి తీసుకోలేదు. తక్కువ పడ్డ ఆ 735 రూపాయలను కొన్నవాళ్లే తరువాత మరో రూపంలో కడతారు. 2020 ఆగస్టు 26 తరువాత అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి, క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిచినప్పుడు మా ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో ఆందోళన చెలరేగిందో నేను కళ్లారా చూశాను.

మూడో పాఠం: చట్టం మనవైపే ఉన్నది

2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దాని సారం నాలుగు మాటల్లో చెబుతాను. స్థలం 500 చదరపు మీటర్లకు మించినా, అపార్టుమెంట్లు ఎనిమిదికి మించినా రెరాలో నమోదు చేయించాలి. నమోదు కాకముందు ప్రకటన కూడా ఇవ్వరాదు. కొనేవారినుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ పనికే వాడాలి. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పదవ వంతుకు మించి ముందుగా తీసుకోరాదు. మధ్యవర్తిగా అమ్మించేవాడు కూడా నమోదు చేయించుకోవాలి.

ఇవి తెలిస్తే ‘ప్రీ లాంచ్’ ఆఫర్లలో చాలావాటి రంగు అక్కడికక్కడే బయటపడుతుంది. “ఇంకా పర్మిషన్ రాలే అన్నా, గందుకే సగం ధర” అని ఎవరైనా అంటే, చట్టం వద్దన్న పనే చేస్తున్నానని తన నోటితో తానే చెబుతున్నాడన్నమాట.

నాలుగో పాఠం: కమీషను మనిషిని మారుస్తుంది

నేను రామారెడ్డిలో ఒక చిన్న గది కిరాయికి తీసుకున్నప్పుడు మొదట తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న, నా సంపాదన ఎక్కడినుంచి రావాలి అన్నది. మామూలు పద్ధతి ప్రకారం మధ్యవర్తికి అమ్మకం ధరలో నూటికి ఒకటో రెండో వస్తుంది. బేరం తెగితేనే డబ్బు. తెగకపోతే ఏమీ లేదు. అటువంటివాడు ‘వద్దు’ అని ఎలా అంటాడు? దుర్మార్గుడు కానక్కర లేదు. ఇంట్లో బియ్యం నిండుకున్ననాడు మంచివాడి నాలుక కూడా తడబడుతుంది.

కాబట్టి కాగితాలు పరిశీలించి రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడానికి 1,500 రూపాయలు అని పెట్టాను. కొనమన్నా అంతే, వద్దన్నా అంతే. మొదట్లో జనం నవ్వారు. “జాగ కొనకముందే పైసలు ఎందుకియ్యాలె సారూ?” అన్నారు. మొదటి మూడు నెలల్లో వచ్చినవాళ్లు పదకొండుమంది. వారిలో ఏడుగురికి ‘వద్దు’ అనే చెప్పాను. ఆ ఏడుగురే తరువాత నా ప్రచారకర్తలయ్యారు. కొన్న జాగ గురించి ఎవరూ ఊరంతా చెప్పుకోరు. తప్పిన గండం గురించి మాత్రం పదిమందికి చెబుతారు.

ఐదో పాఠం: రైతును మరిచిపోరాదు

ప్రజల కోసం వ్యాపారం అన్నప్పుడు కొనేవాడొక్కడే ప్రజ కాదు. అమ్మే రైతూ ప్రజే, అమ్మనంటున్న రైతూ ప్రజే. కామారెడ్డి పట్టణానికి తయారైన మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో అడ్లూర్ ఎల్లారెడ్డి, లింగాపూర్ వంటి ఊళ్ల పంటభూములను పారిశ్రామిక ప్రాంతంగా చూపించారని రైతులు 2023 జనవరిలో కలెక్టరేట్ ముందుకు వచ్చారు. ఆ ఆందోళనల మధ్య ఒక రైతు ప్రాణం పోయింది. చివరకు ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిలు ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది.

పటం మీద ఒక రంగు మారితే చేను ధర ఎలా తారుమారవుతుందో, ఆ చేనునే నమ్ముకున్న మనిషి ఎలా కుంగిపోతాడో అప్పుడు మేం చూశాం. అప్పటినుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. నీళ్లు పారే రెండు పంటల భూమిని లేఅవుట్ చేయమని ఎవరు తెచ్చినా ముట్టను. రైతు అప్పులో ఉండి అమ్ముతున్నాడని తెలిస్తే, అప్పుకు సరిపడా గుంటలు మాత్రమే అమ్మి తక్కినది నిలుపుకోమని మొదట చెబుతాను. వ్యాపారిగా నాకిది నష్టమే. ఊళ్లో మనిషిగా మాత్రం రేపు అతని ఇంటి ముందునుంచే నడవాలి గదా.

నాకు తగిలిన దెబ్బ

ఇంతవరకూ చదివి నేనేదో అన్నీ తెలిసి దిగానని అనుకోకండి. 2023 చివర్లో ఒక మిత్రుడితో పొత్తు పెట్టుకుని ఐదెకరాల మెట్టభూమి బేరం చేశాం. నా వంతు బయానా ఆరు లక్షలు ఇచ్చాను. రాళ్ల నేల, రోడ్డు పక్కనే, ఎవరికీ అన్యాయం లేదనుకున్నాం. పాత పహాణీ నకలు తెప్పించే పని బయానాకు ముందు చేయవలసింది, తరువాత చేశాను. తీరా చూస్తే ఐదెకరాల్లో ముప్పై గుంటలు వేరే కుటుంబానికి ఇచ్చిన లావణి పట్టా. ఆ కుటుంబం బతుకుతెరువుకు భివండి పోయింది. ఊళ్లో అడిగేవాడు లేడు.

“ముప్పై గుంటల కాడికి ఏముందన్నా, దాని మీదికెల్లి రోడ్డు తీద్దాం. రోడ్డును ఎవడడుగుతడు?” అన్నాడు మిత్రుడు. నిజంగానే ఎవరూ అడిగేవారు కాదు. నా ఖాతాలో అప్పుడు మూడు నెలల ఇంటిఖర్చు మాత్రమే ఉన్నది. నా భార్య ఆ కాగితం చూసి ఒకే మాట అన్నది: “భివండి పోయినోళ్లు ఎన్నడన్న వచ్చి, మా జాగ ఏదని అడిగితే ఏం చెప్తవు?” నాలుగేళ్ల కిందట మా ఆఫీసులో జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నే మళ్లీ వచ్చి నా గుమ్మంలో నిలబడ్డది.

బేరం వదులుకున్నాను. ఆరు లక్షల్లో రెండు తిరిగివచ్చాయి, నాలుగు పోయాయి. మిత్రుడితో మాటలు తగ్గాయి. పరుల కాగితాలను పదమూడేళ్లు పరీక్షించినవాడు తన కాగితాల దగ్గర తొందరపడ్డాడు. ఆ నాలుగు లక్షలను నేను ఫీజు కట్టి చదువుకున్న చదువుగానే లెక్క రాసుకున్నాను.

ఆ మరుసటి ఏడాది రెండెకరాల్లో, అన్ని అనుమతులతో, రెరా నమోదుతో ఒక చిన్న లేఅవుట్ పూర్తి చేశాం. ప్రతి ప్లాటుతోపాటు మూలం నుంచి ఇప్పటిదాకా ఉన్న కాగితాల నకళ్లు, వాటి సారాంశం తేలిక తెలుగులో నాలుగు పేజీలు కుట్టి ఇచ్చాం. చదువురాని తల్లులకు చదివి వినిపించాం. పరదేశంలో ఉన్న కొడుకులకు ఫోనులో చూపించాం.

కొలువు వదలదలచినవారికి

లాభనష్టాల పట్టిక దాచిపెట్టడం వాణిజ్యశాస్త్ర విద్యార్థికి తగదు. ఈ రోజు నా సంపాదన అప్పటి జీతంలో సగానికి కొంచెం ఎక్కువ. కనుక ఆవేశంతో ఎవరూ రాజీనామా రాయవద్దు. రెండేళ్ల ఇంటిఖర్చు విడిగా పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు తెలియకుండా అడుగు వేయకండి. ఏ ఊళ్లో పని చేయదలిచారో ఆ ఊళ్లో సెలవురోజుల్లో ముందే ఒక ఏడాది తిరగండి. కొలువును తిట్టుకుంటూ బయటికి రాకండి. కాగితం చదివే ఓర్పు, లెక్క సరిచూసే అలవాటు, సంతకం విలువ నాకు నేర్పింది ఆ కొలువే. ఎందుకు వదులుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఇంకా వేళ రాలేదని తెలుసుకోండి.

ముగింపు

ఆ అమ్మను వెతుక్కుంటూ పోయిన ఏడాది వాళ్ల ఊరికి పోయాను. ప్లాటు అలాగే ఉన్నది. వానకాలం కాబట్టి మోకాలి లోతు నీళ్లు. అమ్మినవాడు దొరకలేదు. కేసు వేయడానికి కావలసిన కాగితాలు సర్ది, ఒక న్యాయవాది దగ్గరికి తీసుకుపోయాను. ఏమవుతుందో చూడాలి. తిరిగి వస్తున్నప్పుడు ఆమె, “నాకైతే అయిపాయె బిడ్డా. మా చెల్లె బిడ్డ జాగ కొంటనంటున్నది, జర దాని కాగితాలు చూడు” అన్నది. ఆ పిల్ల కాగితాలు చూశాను. ‘వద్దు’ అని చెప్పాను. ఆ పిల్ల కొనలేదు.

మిత్రులారా, మీలో కొందరు ఉన్నతోద్యోగాల్లోకి పోతారు, కొందరు వ్యాపారంలోకి వస్తారు. ఎక్కడున్నా సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంటి కాగితాలొకసారి తీసి అమ్మానాన్నలకు చదివి వినిపించండి. పక్కింటివాళ్లు అడిగితే వాళ్లవీ చూడండి. చదువు ఊరికి తిరిగి వెళ్లడానికి అంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు.